గుడ్డ విప్పగానే నిద్ర లేస్తున్న పాప: ఎల్లుండే ఫొటోషూట్

మా పాపకి ఇవాళ్టికి 11 రోజులు. ఎల్లుండి పొద్దున 10 గంటలకి న్యూబార్న్ ఫొటోషూట్. మూడు రోజులుగా ఇంట్లో రిహార్సల్ చేస్తున్నాం, ఒక్కసారీ కుదర్లేదు.

పాలు పట్టి, తేన్పు తెప్పించి, 20 నిమిషాలు ఎత్తుకుంటే ఒళ్లో హాయిగా పడుకుంటుంది. బట్టలు విప్పి పరుపు మీద పెట్టామా, రెండు చేతులూ ఒక్కసారిగా చాచి ఉలిక్కిపడి లేస్తుంది. గది వెచ్చగానే ఉంచాం, ఫోన్‌లో వాన చప్పుడు కూడా పెట్టి చూశాం. గుడ్డలో చుడితే మాత్రం 40 నిమిషాలు కదలదు. కానీ మాకు కావలసింది ఆ బుజ్జి కాళ్లు, ముడుచుకున్న వేళ్లు కనిపించే ఫొటోలు! (బోర్లా పడుకోబెట్టే పోజులు వద్దని ముందే చెప్పేశాం, అవి చూస్తేనే నాకు భయం.)

చుట్టిన గుడ్డని నిద్ర చెడకుండా విప్పాలంటే, పాప పడుకున్నాక ఎంతసేపు ఆగాలి?