కాలనీ వీధిలో స్పీడ్ బ్రేకర్లు: వేయాలా, వద్దా?

కాలనీ_సభ్యుడు:
హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి బైకులు, క్యాబులు అన్నీ మా వీధిలోంచే దూసుకుపోతున్నాయి. గోడ నుంచి గోడకు 30 అడుగులు, మధ్యలో తారు 6 మీటర్లు, వీధి పొడవు 350 మీటర్లు. ఆరు రబ్బరు బ్రేకర్లు కొని ఆదివారమే బిగించేద్దామని అసోసియేషన్‌లో సగం మంది. నడుములు విరుగుతాయి, అంబులెన్స్‌కు అడ్డం, ఒక్కటీ వద్దని మిగతా సగం. ఏం చేస్తే బాగుంటుంది?

తారు_పని:
మీ రెండు వర్గాల మనసులోనూ ఉన్నది ఆ రబ్బరు దిమ్మే. అడుగు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల ఎత్తు. నెమ్మదిగా దాటినా నడుముకు తగులుతుంది, కారు వేగంగా పోతే మాత్రం ఆ దెబ్బను చాలావరకు సస్పెన్షనే మింగేస్తుంది. బోల్టులు కూడా తారులో నిలవవు. ఎండకు తారు మెత్తబడి అవి వదులవుతాయి, ముక్క ఊడిపోయాక పైకి తేలిన బోల్టులు టైర్లు చీలుస్తాయి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఐఆర్‌సీ 99 చెప్పే హంప్ (తారుతో వేసే వెడల్పాటి దిబ్బ) వేరు. వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి వీపు. 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటొచ్చు, అంతకు మించితేనే ఎత్తేస్తుంది. మేస్త్రీ కంటి అంచనాకు వదలకండి. ప్లైవుడ్‌తో అచ్చు కోయించండి: నడిమి నుంచి అర మీటరు దగ్గర 9.3 సెంటీమీటర్లు, మీటరు దగ్గర 7.1, మీటరున్నర దగ్గర 3.4, 1.85 దగ్గర సున్నా. రెండు అంచుల్లోనూ పాత తారును రెండు మూడు సెంటీమీటర్ల లోతు కోసి, ట్యాక్ కోట్ (పాత, కొత్త పొరలు అతుక్కోవడానికి పల్చటి తారు పూత) కొట్టాకే కొత్త మాల్ (తారు, కంకర మిశ్రమం) వేయాలి. లేకపోతే పల్చటి అంచు మొదటి వానకే లేచిపోతుంది. 6 మీటర్ల రోడ్డుకు ఒక్కో హంప్‌కి దాదాపు మూడున్నర టన్నుల మాల్ పడుతుంది.

వీధి_మూల:
హంప్ సరే, కానీ ముందు వీధి మొదలు చూడండి. మలుపు విశాలంగా ఉంటే బండి వేగం తగ్గకుండానే లోపలికి తిరుగుతుంది. కెర్బ్ రాళ్లతో (రోడ్డు అంచున పాతే రాళ్లు) ఆ మూలను ముందుకు జరిపితే తిరిగేటప్పుడే తగ్గక తప్పదు. రాళ్లు పాతే ముందు వారం రోజులు కోన్లు పెట్టి చూడండి. నీళ్ల ట్యాంకర్, చెత్త బండి ఒక్క తిప్పుతో తిరగగలగాలి. ఇది కుదిరితే హంపులే అక్కర్లేదని నా అభిప్రాయం.

రెండు_చక్రాలు:
దీనికి నేను ఒప్పుకోను. మూల బిగిస్తే కార్లు తగ్గుతాయి గానీ బైకుకు ఆ సందు చాలు. మీ వీధిలో సగం బెడద బైకులదే కదా. వాటిని తగ్గించేది హంపే, అదీ గోడ వైపు ఖాళీ లేకుండా వేస్తేనే. వాన నీటికని అడుగున్నర సందు వదిలితే బైకులన్నీ అందులోంచే పోతాయి, నడిచేవాళ్లు ఉండేదీ అక్కడే. అంచున పైపు వేసి దాని మీదుగా హంప్ కలిపేయండి.

ఆరు ఎక్కువ. 100 నుంచి 120 మీటర్లకు ఒకటి చొప్పున మీకు మూడు చాలు. దూరం ఇంకా పెంచితే మధ్యలో మళ్లీ వేగం అందుకుంటారు. ప్రతిదీ వీధి దీపం కింద పడేలా చూడండి, మ్యాన్‌హోల్ మీద, ఇంటి గేటు ముందు వద్దు. 40 మీటర్ల ముందు బోర్డు, వీపు మీద తెల్ల చారలు ఉండాలి. చార చెరిగిన హంప్ రాత్రి బైకు మీదున్నవాడిని పడేస్తుంది.

అంబులెన్స్ మాటకు వస్తే, ఈ కొలతలతో మూడు హంపులకు పోయేది కొన్ని సెకన్లు. రోగిని కుదిపేది రబ్బరు దిమ్మే.

తారు_పని:
పైపు మాట సరైనదే, నేను రాయడం మరిచాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: రోడ్డు మున్సిపాలిటీది, అసోసియేషన్‌ది కాదు. ఆదివారం పని ఆపండి. కొలతలతో స్కెచ్ గీసి, వార్డు ఇంజనీరుకు, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.