పెట్రోల్ పైపులు మారుస్తున్నాను, వంపుల దగ్గర ఆగిపోయాను

నా పాత కారు కింద స్టీల్ పెట్రోల్ పైపు తుప్పు పట్టి చెమ్మగిల్లుతోంది. దాంతోపాటు ట్యాంక్ నుంచి చార్‌కోల్ క్యానిస్టర్‌కి (పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) వెళ్లే ఆవిరి పైపు కూడా కొత్తది తెచ్చాను. పంప్ ఫ్యూజ్ తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ప్రెషర్ దించాను. బ్యాటరీ నెగటివ్ వైరూ తీసేశాను. అక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా వంపుల దగ్గరే. కొత్త పైపు సైలెన్సర్ పైపుకి మరీ దగ్గరగా వస్తోంది. చేత్తో వంచితే నొక్కుకుపోతుందేమోనని టెన్షన్. (పాతది అలాగే ఒకటి పాడుచేసి చూశాను లెండి.) పైపులు వంచే బెండర్ కొనక తప్పదా? ఇంకోటి, కార్బ్యురేటర్ బండ్ల రబ్బరు గొట్టం ఇంజెక్షన్ బండ్ల ఎక్కువ ప్రెషర్‌కి ఆగదని తెలుసు. ప్రెషర్ తక్కువుండే ఆవిరి పైపు చివర్లో మాత్రం వాడొచ్చా, లేక పెట్రోల్ ఆవిరికి మెత్తబడిపోతుందా? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.