స్కిజోఫ్రీనియా తిరగబెడుతోందని రక్తం ముందే చెబుతుందా?

సూర్యారావుపేట అక్క, విజయవాడ
మా తమ్ముడికి ఈ మానసిక జబ్బు వచ్చి తొమ్మిదేళ్లయింది. మూడుసార్లు తిరగబెట్టింది. మొన్న రక్తం తీసే ఒకచోట కొత్త ప్యాకేజీ చూపించారు. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, వాటితో పాటు బీడీఎన్‌ఎఫ్ అనే పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తే జబ్బు ఎటు పోతోందో ముందే తెలిసిపోతుందట. అమ్మ పింఛను డబ్బు తీసి పక్కన పెట్టేసింది. చేయించమంటారా?

కొత్తపేట ల్యాబ్, గుంటూరు
వద్దమ్మా. పదహారేళ్లుగా ట్యూబులతోనే నా బతుకు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బీడీఎన్‌ఎఫ్ మెదడు కణాలను పోషించే ప్రొటీను. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో అది సగటున తక్కువన్నది నిజమే. కానీ ఒక్కొక్కరినీ విడిగా చూస్తే రోగుల అంకెలూ ఆరోగ్యవంతుల అంకెలూ కలగలిసిపోతాయి. పైగా రక్తంలోని బీడీఎన్‌ఎఫ్ చాలావరకు ప్లేట్‌లెట్లలో ఉంటుంది, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికి వస్తుంది. కాబట్టి ట్యూబును ఎంతసేపు ఉంచి సీరం (గడ్డకట్టాక మిగిలే ద్రవం) తీశామన్నదాన్ని బట్టి కూడా అంకె మారిపోతుంది. మిట్టమధ్యాహ్నం బండి మీద ఊరంతా తిరిగి వచ్చిన ట్యూబులు ఎన్ని చూశానో! ఇక సీఆర్‌పీ అంటారా, చిగుళ్లు వాచినా, జ్వరం వచ్చినా, ఒళ్లు చేసినా పెరుగుతుంది.

అమరావతి రోడ్డు తండ్రి, గుంటూరు
నేను ఒప్పుకోను బాబూ. మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు. పని ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడని మా బంధువులు ఇప్పటికీ అంటారు, వాడు వింటుండగానే. నాకు షుగరు ఉంది. నన్ను ఎవరూ నటిస్తున్నావని అనరు, కాగితం మీద అంకె ఉంది కనుక. జబ్బు ముదిరినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుందని, మందులతో కుదుటపడ్డాక తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది కదా? మా వాడి అంకెను ఇంకొకరితో పోల్చవద్దు, వాడి పాత అంకెతోనే పోలుద్దాం. అందులో తప్పేముంది?

కొత్తపేట ల్యాబ్
బాబాయి గారూ, మనిషిని అతనితోనే పోల్చాలన్న మీ ఆలోచన సరైనదే. అయితే ఎంత పెరిగితే తిరగబెడుతున్నట్లో ఇంకా తేలలేదు. 2010లో అమెరికాలో రక్తంలోని 51 పదార్థాలను కొలిచే పరీక్షను ఈ జబ్బు కోసమే అమ్మకానికి తెచ్చారు. అది నిలవలేదు. ఇంకొక్క మాట. రేపు రిపోర్టులో అన్నీ మామూలుగానే ఉన్నాయని వస్తే, మీ బంధువులు ఆ కాగితాన్నే మీ అబ్బాయి ముఖం ముందు ఆడిస్తారు.

అక్కా, మీ తమ్ముడు వాడే మందు ఏది?

సూర్యారావుపేట అక్క
క్లోజపిన్. నెల క్రితం సిగరెట్లు మానేశాడని ఎంతో సంతోషించాం. అప్పటినుంచి పగలంతా మత్తుగా పడుకుంటున్నాడు, దిండు తడిసేలా చొంగ కారుతోంది.

కొత్తపేట ల్యాబ్
ఈ మాట ఈరోజే డాక్టరుగారికి చెప్పండి. సిగరెట్ పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. పొగ మానేస్తే అదే మోతాదుకు రక్తంలో మందు పెరిగిపోతుంది. దాని స్థాయిని కొలిచే పరీక్ష ఉంది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందు రక్తం తీయాలి. ఈ మందు వాడేవారికి తెల్లకణాల లెక్క, షుగరు, కొవ్వు పరీక్షలు ఎలాగూ తప్పవు. డబ్బు వీటికి పెట్టండి. మోతాదును మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి.

అమరావతి రోడ్డు తండ్రి
ఆ కాగితం మాట గుచ్చుకుంది బాబూ. నేను దాని గురించి ఆలోచించలేదు. ఇప్పటికైతే ఆ ప్యాకేజీ జోలికి వెళ్లను. కానీ మా వాడి జబ్బుకు అంకె ఉండాలన్న మాట మాత్రం వదులుకోను. ఎవరైనా సరిగ్గా పరిశోధన చేస్తామంటే మా వాడిని అడిగి, వాడు సరేనంటే నేనే తీసుకెళ్తాను.

సూర్యారావుపేట అక్క
డాక్టరుగారికి ఫోను చేశాను. జబ్బు తిరగబెట్టిన మూడుసార్లూ ముందుగా ఏమి మారిందని అడిగారు. నిద్ర పట్టేది కాదు. రాత్రి రెండింటికి మేడెక్కి నీళ్ల ట్యాంకు మూత తీసి చూసి, మళ్లీ మూసి, మళ్లీ తీసేవాడు. పడుకున్న వేళ, లేచిన వేళ రోజూ రాసిపెట్టమన్నారు. ఈ రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేస్తాను. రేపు ఉదయం ఎనిమిదింటికి రక్తం తీయిస్తున్నాం, అమ్మ డబ్బుతోనే.