పది వారాల పెంటా, రాత్రికి జ్వరం: మీ ఇళ్లలో ఏం చేశారు?

పర్లాకిమిడి కోడలు (రాత్రి 9:40)
బాబుకి ఈరోజు పొద్దున పది వారాల టీకా, అదే పెంటా (ఐదు జబ్బులకి ఒకటే సూది), వేయించాం. ఎడమ తొడకి సూది, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా చుక్కలు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. ఏడింటి నుంచి ఒళ్లు వెచ్చబడింది. చంకలో థర్మామీటర్ పెడితే 100.6. సూది వేసిన చోట ఎర్రగా, గట్టిగా ఉంది. చెయ్యి తగిలితే కెవ్వుమంటున్నాడు. పాలు తాగుతున్నాడు గానీ కొంచెం కొంచెంగానే. మొదటి డోసు పాతపట్నంలో, పురిటికి అమ్మవాళ్లింట్లో ఉన్నప్పుడు వేయించాం, అప్పుడేమీ కాలేదు. "అక్కడి మందు వేరు, ఇక్కడి మందు వేరు" అని మా అత్తగారు. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది, ఎవరైనా మేలుకుని ఉన్నారా?

బరంపురం అక్క (9:52)
ముందు ఆ ఉప్పు మూట పక్కన పెట్టించు తల్లీ. వేడి తగిలితే వాపు ఇంకా పెరుగుతుంది. నలపొద్దు, పసుపు పూయొద్దు. శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్లలో తడిపి, పిండి, తొడ మీద కాసేపు వేసి తియ్యి. మా పాపకి అదే చేశాను. పెద్ద పాపకైతే మా అమ్మ మాట విని కాపడం పెట్టి, రాత్రంతా ఎత్తుకుని తిరిగాను.
మందు వేరేం కాదు. ఆంధ్రాలో వేసినా ఒడిశాలో వేసినా పెంటా ఒకటే, వారాల లెక్కా ఒకటే. కార్డు మీద భాషే మారుతుంది. ఒక డోసుకి రాని జ్వరం ఇంకో డోసుకి రావడం మామూలే.
కుచ్చుటోపీ, స్వెట్టరు ఉంటే తీసెయ్యి. పల్చటి చొక్కా చాలు. పాలు అడిగినప్పుడల్లా పట్టు. నీళ్లు, గ్రైప్ వాటర్ అక్కర్లేదు.

సిరొంచ నాన్న (10:05)
అక్కా, మందు సంగతి నేను చెప్తా, ఎందుకంటే తప్పు చేయబోయి ఆగినవాణ్ని. మా వైపు, మహారాష్ట్రలో, జ్వరాన్ని తాప్ అంటారు. "తాప్ వస్తే పారాసిటమాల్ సిరప్ రెండున్నర ఎంఎల్" అని సెంటర్లో చెప్పారు. మా వాడు అప్పుడు ఐదు కిలోలు. ఆ రాత్రి మా ఊళ్లో షాపు మూసేశారు, గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్లి సీసా తెచ్చా. చిన్న సీసా, డ్రాపర్‌తో ఇచ్చారు. ఇంటికొచ్చి రెండున్నర ఎంఎల్ తీశా. మా ఆవిడ అట్ట మీద చదివి నా చెయ్యి పట్టుకుంది.
సంగతేంటంటే, వాళ్లు చెప్పిన సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములు. నేను తెచ్చిన డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100. సిరప్ రెండున్నర అంటే 62 చిల్లర, డ్రాప్స్ రెండున్నర అంటే 250! నాలుగింతలు. 5 ఎంఎల్‌కి 250 ఉండే సిరప్ కూడా దొరుకుతుంది, అదింకో తలనొప్పి. ఎన్ని ఎంఎల్ అని కాదు, ఏ సీసాలో ఎన్ని ఎంఎల్ అని అడగాలి. సీసాని ఫోటో తీసి ఏఎన్‌ఎంకి (టీకాలు వేసే నర్సమ్మకి) పంపితే ఇంకా మంచిది.

పర్లాకిమిడి కోడలు (10:14)
అన్నా, మా దగ్గరుంది కూడా డ్రాప్సే! బాబు ఈరోజు తూకం 4 కిలోల 900. ఎంత వెయ్యమన్నారో కార్డు మీద రాయలేదు. సిస్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తా.

రాయగడ నుంచి (10:31)
మా పెద్దమ్మ ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యారు. పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నా. బరువు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు, మళ్లీ వెయ్యాలంటే కనీసం ఆరు గంటలు ఆగాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. సిస్టర్ చెప్పిన లెక్క ఇందులోకి వస్తుందో లేదో సరిచూసుకో. ఒళ్లు కాలకుండా, పిల్లాడు హాయిగా పడుకుంటే మందే వద్దు అంటున్నారు. టీకాకి ముందే "ఎందుకైనా మంచిది" అని పొయ్యడం అసలొద్దట. ఆస్పిరిన్ మాత్రం పసివాళ్లకి ఎప్పుడూ వెయ్యకూడదు.
పెంటాలో ఐదు జబ్బుల మందుంది: కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (పసివాళ్లకి నిమోనియా లాంటివి తెచ్చే క్రిమి). జ్వరం తెచ్చేది ఎక్కువగా కోరింతదగ్గు భాగమేనట. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.
ఇక అసలు మాట. అంకెకన్నా పిల్లాణ్ని చూడమంటున్నారు. మూడు గంటలు దాటి ఆపకుండా ఏడ్చినా, పాలు బొత్తిగా ముట్టకపోయినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి కష్టమైనా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, జ్వరం 102 దాటినా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్యి. జ్వరం రెండు రోజులు దాటితే, అది టీకా వల్లే అనుకోకుండా డాక్టరుకి చూపించు. మూడు నెలలు నిండని బిడ్డ.

గుణుపూర్ తాత (10:40)
జ్వరం వస్తేనే టీకా పట్టినట్టు అని మా కాలంలో అనేవారు. మనవరాలికి ఒక్కసారీ రాలేదు. మళ్లీ వేయించాలా?

రాయగడ నుంచి (10:46)
వద్దు తాతగారూ. జ్వరం రాకపోయినా టీకా పనిచేస్తుంది. పెద్దమ్మ నవ్వుతున్నారు, ఆవిడ డ్యూటీలో సగం ఈ ప్రశ్నే వినేవారట.

బరంపురం అక్క (10:50)
నొప్పి లేని టీకా అని ప్రైవేటులో వేస్తారు కదా, దానికి జ్వరం తక్కువ వస్తుంది, నిజమే. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. మేం రెండో పాపకి కూడా సర్కారుదే వేయించాం.

సిరొంచ నాన్న (10:58)
ఇంకో ముక్క. పుట్టినప్పుడు ఎడమ భుజం మీద వేసే బీసీజీ (క్షయ టీకా) కొన్ని వారాలకి పొక్కులా లేచి, చీము కారి, మచ్చ పడుతుంది. మేం కంగారుపడి ఆయింట్‌మెంట్ రాశాం. ఏమీ రాయకూడదట.

పర్లాకిమిడి కోడలు (మర్నాడు ఉదయం 7:20)
సిస్టర్ ఫోన్ తీశారు. డ్రాప్స్ సీసా మీది అంకె చదివించుకుని, అర ఎంఎల్ వెయ్యమన్నారు. ఒక్కసారే వేశా. పదకొండుకి చెమట పట్టి జ్వరం దిగింది. రెండున్నరకి లేచి కడుపునిండా తాగాడు. ఇప్పుడు 98.8. తొడ మీద బఠాణీ గింజంత గడ్డ ఉంది, నొప్పి ఉన్నట్టు లేదు. అది కొన్నాళ్లు ఉంటుందిలే అన్నారు సిస్టర్. పెద్దదైతే, చీము పడితే తీసుకురమ్మన్నారు. స్నానం చేయించొచ్చట, తొడ మాత్రం రుద్దొద్దన్నారు.
అత్తగారు తడిగుడ్డ ఆవిడే మార్చారు రాత్రంతా. ఉప్పు మూట ఇంకా పొయ్యి పక్కనే ఉంది.

రాయగడ నుంచి (7:45)
హమ్మయ్య. పద్నాలుగు వారాలప్పుడు సూదులు మూడు ఉంటాయి, రెండు తొడలకీ, కుడి భుజానికీ. గుడ్డలు రెండు మూడు ఎక్కువ ఉంచుకో. వేశాక అరగంట అక్కడే కూర్చుని రండి.