ఈ-ఫాయిల్ బోర్డుకి బ్యాటరీ: ఎన్‌ఎంసీయా, ఎల్‌ఎఫ్‌పీయా?

రుషికొండ_అల:
ఈ-ఫాయిల్ కడుతున్నా, అంటే నీళ్ళలో ఉండే రెక్క మీద పైకి లేచి మోటారుతో నడిచే సర్ఫ్ బోర్డు. బోర్డు, రెక్కని దానికి కలిపే మాస్టు, మోటారు అన్నీ రెడీ. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న లిథియం రకం) పెట్టాలా, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) పెట్టాలా అని బ్యాటరీ దగ్గర ఆగిపోయా. రెక్క మీద లేచాక మోటారు రెండు కిలోవాట్ల లోపే లాగుతుంది గానీ లేచేటప్పుడు నాలుగు దాకా పోతుంది. అంటే 50 వోల్టుల దగ్గర 80 ఆంప్స్. మోలిసెల్ పీ42ఏ సెల్స్, 14 సిరీస్, 10 ప్యారలల్ (పదేసి సెల్స్ ప్యారలల్‌గా కలిపిన గ్రూపులు 14, ఒకదాని వెనక ఒకటి) అనుకుంటున్నా. 140 సెల్స్, పది కిలోలు, రెండు యూనిట్ల కరెంటు. ఒక్కో సెల్ మీద 8 ఆంప్సే, దాని రేటింగేమో 45. కానీ ఇంట్లో వాళ్ళు స్కూటర్లు తగలబడిన వార్తలు చూసి వద్దంటున్నారు. ఎల్‌ఎఫ్‌పీకి మారాలా?

సోల్డర్_సుబ్బు:
కళ్ళు మూసుకుని మారిపో తమ్ముడూ. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఎన్‌ఎంసీ బాగా వేడెక్కితే దాని క్యాథోడ్ (ప్లస్ వైపు పదార్థం) నుంచే ఆక్సిజన్ వస్తుంది, మంటకి బయటి గాలి కోసం చూడాల్సిన పని లేదు. ఎల్‌ఎఫ్‌పీలో ఫాస్ఫేట్ ఆ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. 16 సిరీస్ కడితే ఫుల్ ఛార్జ్ 58.4 వోల్టులు, నీ 14 సిరీస్‌కి 58.8. మోటారు వేగాన్ని నడిపే ఈఎస్‌సీ మార్చక్కర్లేదు, ఛార్జర్ మాత్రం వేరే కొనుక్కో.

టాంపా_బాబాయ్:
సుబ్బు గారూ, బరువు మాట ఎత్తలేదేం? అదే కెపాసిటీకి నాలుగైదు కిలోలు పెరుగుతుంది, బోర్డు లేవడానికే మొరాయిస్తుంది. అసలు శత్రువు ఉప్పునీరు. 2022లో ఇయన్ తుపాను తర్వాత మా ఫ్లోరిడాలో సముద్రపు నీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు, నీళ్ళు తీశాక ఎన్నో రోజులకి అంటుకున్నాయి. సెల్ పైభాగం ఓసారి దగ్గరగా చూడండి. మధ్యలో ప్లస్ టోపీ, దాని చుట్టూ ఉన్న అంచు మైనస్, నడుమ సందు మిల్లీమీటర్లలోనే. ఒక్క ఉప్పు చుక్క అక్కడ కూర్చుంటే చాలు. ప్రతి సెల్‌కీ ఇన్సులేషన్ పేపర్ రింగు పెట్టకుండా వెల్డింగ్‌కి దిగొద్దు.

రుషికొండ_అల:
బాక్స్ ఐపీ67 బాబాయ్.

టాంపా_బాబాయ్:
ఐపీ67 అంటే మీటరు లోతు నిలకడ నీళ్ళలో అరగంట, అంతే. నువ్వు వేగంగా వెళ్తూ పడితే ఆ దెబ్బ వేరు. ఇంకోటి, రైడ్‌లో లోపలి గాలి వేడెక్కుతుంది, తర్వాత బోర్డు చల్లటి నీళ్ళలో తేలుతుంటే అదే గాలి కుంచించుకుపోయి గాస్కెట్ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. గాలిని వదిలి నీటిని ఆపే వెంట్ పెట్టు. సెల్ గ్యాస్ వదిలితే బాక్స్ బాంబు కాకుండా ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ విడిగా ఉండాలి.

సోల్డర్_సుబ్బు:
వాల్వ్ ఎల్‌ఎఫ్‌పీకీ కావాలి, ఒప్పుకుంటా. అదీ హైడ్రోజన్ వదులుతుంది. మరి సెల్స్‌ని కనిపెట్టుకుని, తేడా వస్తే కరెంటు ఆపే బీఎంఎస్ సర్క్యూట్ సంగతి?

టాంపా_బాబాయ్:
ఛార్జింగ్ బీఎంఎస్ గుండా, డిశ్చార్జి నేరుగా, మెయిన్ లైన్లో ఫ్యూజు. లేచే టైమ్‌లో బీఎంఎస్ కట్ చేస్తే చిరాకు. ఈఎస్‌సీలో లో-వోల్టేజి కటాఫ్ ఎలాగూ ఉంది.

సోల్డర్_సుబ్బు:
అక్కడే నాకు నచ్చదు. ఈఎస్‌సీ చూసేది మొత్తం వోల్టేజి. 13 గ్రూపులు బాగుండి ఒకటి 2 వోల్టుల కిందికి పడిపోయినా దానికి తెలీదు. ఆ గ్రూపుని అలాగే మళ్ళీ ఛార్జ్ చేస్తే లోపల రాగి పేరుకుని షార్ట్ అవ్వొచ్చు. 150 ఆంప్స్ బీఎంఎస్ వేస్తే కట్ అవ్వదు. డబ్బుల దగ్గర చూసుకునే వాళ్ళే డైరెక్ట్ అంటారు, ఏమనుకోవద్దు.

టాంపా_బాబాయ్:
డబ్బు కాదు సార్, బాక్స్‌లో చోటు. పోనీ గ్రూపు వోల్టేజీలు ఫోన్లో చూపించే బీఎంఎస్ పెట్టుకుని, ప్రతి ఛార్జింగ్ ముందూ చూసుకోమందాం. అల్లుడూ, ఇంతకీ ఛార్జింగ్ ఎక్కడ పెడతావు? నాకైతే ఇంటికి దూరంగా పెరట్లో షెడ్డుంది.

రుషికొండ_అల:
మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కింద పార్కింగ్‌లో ప్లగ్గు ఇవ్వరు. హాల్లో, గుమ్మం పక్కన.

టాంపా_బాబాయ్:
అయితే సుబ్బు గారి మాటే విను. ఎల్‌ఎఫ్‌పీ కట్టు, బోర్డు కాస్త పెద్దది చేసుకో.

సోల్డర్_సుబ్బు:
గుమ్మం పక్కన మాత్రం వద్దు. అది అంటుకుంటే మీరు బయటికి ఎటు నుంచి వస్తారు? బాల్కనీలో ఎండ తగలని మూల చూడు.