సండే స్కూల్ పాటల వెనక కథలు పిల్లలకి ఎంతవరకు చెప్పొచ్చు?

వీబీఎస్_టీచర్:
అందరికీ వందనాలు. ఈ వేసవి సెలవుల బైబిల్ బడి వీబీఎస్‌లో రోజుకో పాట నేర్పి, అది రాసినవాళ్ళ గురించి కూడా ఓ ఐదు నిమిషాలు చెబుదాం అనుకుంటున్నాం. నా క్లాసులో ఆరు నుంచి పదేళ్ళ పిల్లలు ఉంటారు. మొదటి రోజు ‘జీసస్ లవ్స్ మీ’. అమెరికాలో అన్నా వార్నర్ గారు రాసిన ఈ పాట 1860లో ఒక నవలలో వచ్చిందట, అదీ చనిపోబోతున్న ఒక చిన్న పిల్లాడి కోసం పాడే పాటగా. ఈ సంగతి చెప్పొచ్చా? తోటి టీచర్ ఒకరు పిల్లలు భయపడతారు, వద్దంటున్నారు. నాకేమో అది దాచేస్తే పాటలో సగం పోతుందనిపిస్తోంది. రెండో రోజుకి ఎవరి పాట బాగుంటుందో కూడా చెప్పండి.

పాత_కీర్తనలు:
తప్పకుండా చెప్పండి సిస్టర్. ఆ నవల పేరు ‘సే అండ్ సీల్’, అన్నా, వాళ్ళక్క సూసన్ కలిసి రాశారు. అందులో జానీ అనే పిల్లాడు జబ్బుతో మంచాన పడితే, వాడి సండే స్కూల్ టీచరే వాణ్ణి ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఈ పాట పాడతాడు. నేను నీరసంగా, జబ్బుగా ఉన్నా యేసు నన్ను ప్రేమిస్తూనే ఉన్నాడు, నేను పడుకున్న చోటికి వచ్చి నన్ను కనిపెట్టుకుని ఉంటాడు అని ఒక చరణం కూడా ఉంది, దాన్ని మాత్రం వదలకండి. పిల్లలు గొంతెత్తి పాడే కోరస్ నవలలో లేదు, 1862లో విలియం బ్రాడ్‌బరీ ట్యూన్ కట్టినప్పుడు చేర్చాడు.

ఆ అక్కచెల్లెళ్ళ గురించి కూడా చెప్పాలి. 1837 ఆర్థిక సంక్షోభంలో తండ్రి ఆస్తి పోయింది. హడ్సన్ నదిలో, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి ఎదురుగా ఉన్న కాన్‌స్టిట్యూషన్ ద్వీపంలో ఉంటూ పుస్తకాలు రాసి ఇల్లు నడిపారు. అకాడమీ కేడెట్లకి ఆదివారాలు బైబిల్ క్లాసు చెప్పేవాళ్ళు, వాళ్ళ సమాధులు కూడా ఆ సైనిక శ్మశానంలోనే ఉన్నాయి.

పిల్లల_వార్డు_నర్సు:
కథ చెప్పండి, కానీ ఆరేళ్ళ వాళ్ళకి ‘జానీకి బాగా జబ్బు చేసింది, టీచర్ ఎత్తుకుని పాడారు’ అన్నంతవరకు చాలక్కా. తర్వాత ఏమైందని వాళ్ళే అడిగితే అప్పుడు సూటిగా, చనిపోయాడనే చెప్పండి. నిద్రపోయాడు అని మాత్రం అనొద్దు, ఆ రాత్రి పడుకోవడానికే భయపడతారు. తాతయ్యనో నాయనమ్మనో పోగొట్టుకున్న పిల్లలు ఆ క్లాసులోనే ఉంటారు, వాళ్ళకి ఈ పాట మనకంటే బాగా అర్థమవుతుంది.

విశ్వాస_ప్రమాణం:
రెండో రోజుకి సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ గారిని తీసుకోండి. ఐర్లండ్ ఆవిడ, 1848లో ‘హిమ్స్ ఫర్ లిటిల్ చిల్డ్రన్’ అని పుస్తకం వేశారు. పిల్లలకి అపొస్తలుల విశ్వాస ప్రమాణం (క్రైస్తవులుగా మనం ఏం నమ్ముతామో చెప్పే పాఠం) అప్పజెప్పడం వస్తుంది కానీ అర్థం కాదని, ఒక్కో మాటకి ఒక్కో పాట రాశారు. భూమ్యాకాశాల సృష్టికర్త అన్న చోటికి ‘ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్’, కన్య మరియకు పుట్టి అన్న చోటికి ‘వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ’, పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడి అన్నదానికి ‘దేర్ ఈజ్ ఎ గ్రీన్ హిల్ ఫార్ అవే’. మన పిల్లలు కూడా ప్రమాణం గబగబా అప్పజెప్పేస్తారు కదా, ఈ మూడు పాటలు పక్కన పెట్టి చెబితే ఎంత బాగుంటుందో.

ఒక్క జాగ్రత్త. ‘ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్’లో కోటలో ధనవంతుడు, గేటు దగ్గర పేదవాడు, ఇద్దరి స్థితినీ దేవుడే నిర్ణయించాడు అని ఒక చరణం ఉంది. ఐర్లండ్‌లో కరువుతో జనం చచ్చిపోతున్న రోజుల్లో రాసిన మాట అది. నాకు అస్సలు నచ్చదు, ఇప్పుడు చాలా పుస్తకాల్లో తీసేశారు కూడా. అదే ఆవిడ ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బు చెవిటి, మూగ పిల్లల బడికి ఇచ్చారు. పెద్ద పిల్లలకి రెండూ చెప్పండి, వాళ్ళు ఆలోచిస్తారు.

వీబీఎస్_టీచర్:
చాలా థాంక్స్ అండి. చిన్నవాళ్ళకి నర్సు గారు చెప్పినట్టే చెబుతాం, పెద్దవాళ్ళని వేరే కూర్చోబెట్టి ఆ చరణం సంగతి మాట్లాడతాం. చివరి రోజుకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పురుషోత్తమ చౌదరి గారిది ఒకటి తీసుకుంటున్నాం. చిన్నపిల్లలు పాడగలిగేంత తేలికైన కీర్తన ఏదైనా తెలిస్తే నంబరు పెట్టండి.