మిథిలీన్ బ్లూ జెల్: ఎర్ర లైటు పెట్టినా ఈకోలై చావడం లేదు

ప్రశ్న (నెల్లూరు, ఎం.ఫార్మసీ)
మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఎర్ర వెలుగు తగిలితే చురుకైన ఆక్సిజన్ పుట్టించి బ్యాక్టీరియాను చంపుతుంది. 2 శాతం సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు)లో ఈ రంగును 50 మైక్రోమోలార్ (గాఢత కొలత) మోతాదులో కలిపి, కాల్షియం క్లోరైడ్‌తో గట్టిపరిచాం. మందం 4 మిల్లీమీటర్లు. ట్రంకు రోడ్డులో కొన్న ఎర్ర ఎల్‌ఈడీ 10 నిమిషాలు పెడితే స్టాఫ్ (స్టెఫిలోకోకస్ బ్యాక్టీరియా) తగ్గుతోంది, ఈకోలై (పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) తగ్గడం అంతంతమాత్రం. పైగా పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం)లో ఉంచిన జెల్ తెల్లారేసరికి జావైపోతోంది. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ల కాలి పుండ్ల కోసం ఈ పని. ఎక్కడ తప్పుతోందన్నా?

జవాబు (ఒంగోలు, మైక్రోబయాలజీ)
ముందు లైటు చూడు. బజారులో దొరికే ఎర్ర ఎల్‌ఈడీ ఎక్కువగా 620–630 నానోమీటర్లది. ఈ రంగు బాగా పీల్చేది 664 దగ్గర. మొక్కలకు అమ్మే 660 డీప్ రెడ్ తెచ్చుకో. 10 నిమిషాలన్నది డోసు కాదు. జెల్ ఉండే ఎత్తులో పవర్ మీటరు పెట్టి కొలువు: చదరపు సెంటీమీటరుకు 50 మిల్లీవాట్లు పడితే 600 సెకన్లకు 30 జౌళ్లు. రంగు లేని జెల్ మీద లైటు, లైటు లేని రంగు జెల్, ఈ రెండు కంట్రోళ్లూ (పోల్చి చూసే పరీక్షలు) తప్పనిసరి. లేకపోతే దీపం వేడికి చచ్చినవి కూడా నీ లెక్కలో పడతాయి.

జవాబు (నెల్లూరు, పాలిమర్ ల్యాబ్)
లైటు ఒక్కటే కాదమ్మా. 50 మైక్రోమోలార్, 4 మిల్లీమీటర్లంటే 664 వెలుగు అడుగుకు నూటికి ఐదు పాళ్లు కూడా దిగదు. పుండు ఉండేదేమో అడుగున! మందం 1 మిల్లీమీటరుకు తెస్తే మూడో వంతు పైనే దిగుతుంది.

ఆల్జినేట్‌ది రుణావేశం, రంగుది ధనావేశం. రెండూ అతుక్కుని రంగు అణువులు జంటలు కడతాయి. జంట కట్టిన రంగు సింగ్లెట్ ఆక్సిజన్ (బ్యాక్టీరియాను చంపే ఆ చురుకైన ఆక్సిజన్) సరిగా ఇవ్వదు. 550 నుంచి 700 నానోమీటర్ల దాకా రంగు ఎక్కడ ఎంత వెలుగు పీలుస్తోందో స్కాన్ తీయి. జంటల వల్ల 610 దగ్గర వచ్చే మూపు 664 శిఖరాన్ని మించితే 10–20 మైక్రోమోలార్‌కు దించు. సింగ్లెట్ ఆక్సిజన్ నీళ్లలో కొన్ని మైక్రోసెకన్లే బతుకుతుంది, మైక్రాన్‌లో కొంత దూరమే పోతుంది. అందుకే రంగు జెల్ వదిలి బ్యాక్టీరియాకు అంటాలి: లైటుకు ముందు 30 నిమిషాలు చీకట్లో ఉంచు. ఈకోలైకి బయటి పొర అదనం కాబట్టి అక్కడే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

జావ కావడం పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ పని, జెల్‌ను పట్టి ఉంచే కాల్షియాన్ని లాగేస్తుంది. పీబీఎస్ మానేసి, 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపిన సెలైన్ వాడు.

ప్రశ్న వేసినవారు
స్కాన్ తీశాం. 610 దగ్గరే ఎత్తుగా ఉంది.

జవాబు (ఒంగోలు, మైక్రోబయాలజీ)
అయితే రంగు తగ్గించి మళ్లీ చేయి. ఆ తర్వాత 10 శాతం సీరమ్ (రక్తం నుంచి తీసే, ప్రోటీన్లున్న ద్రవం) కలిపి కూడా చూడు. చీములోని ప్రోటీన్లు సింగ్లెట్ ఆక్సిజన్‌ను మింగేస్తాయి, ప్లేటు మీద వచ్చిన ఫలితం పుండులో రాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే మనిషి మీద పెట్టొద్దు. ఉప్పునీటి గాయం గంటల్లో వాచి, బొబ్బలెక్కి, జ్వరం వస్తే అది విబ్రియో (ఉప్పునీటిలో ఉండే ప్రమాదకర బ్యాక్టీరియా) కావచ్చు. అలాంటివాళ్లను అదే పూట ఆసుపత్రికి పంపించు, జెల్ జోలికి పోవద్దు.